ఆముదం ఎంత చిక్కన

జనగామలో వీరేశం సేటు నూనె మిల్లుకు బోర్డు లేదు. ముక్కున్న మనిషికి బోర్డు ఎందుకనేవాడాయన. రైలు గేటు దాటి ఆముదం వాసన ఎటు లాగితే అటు నడిస్తే చాలు, నేరుగా మిల్లు వాకిట్లో తేలతారు. మిల్లు ఆముదానిదైనా ఆయనది ఆముదం తాగిన ముఖం కాదు. కోపంలోనూ సంతోషంలోనూ ఒకటే గొంతు, ఆ గొంతు మాత్రం బజారు ఆ చివరికి వినిపించేది. కొత్తగా వచ్చినవాళ్లు ఆయన తిడుతున్నాడో భోజనానికి పిలుస్తున్నాడో తెలియక కాసేపు నిలబడిపోయేవాళ్లు.

నూనె మంచిచెడ్డలు తేల్చడానికి వీరేశం దగ్గర ఒకటే పరీక్ష ఉండేది. వేపపుల్ల డబ్బాలో ముంచి పైకెత్తాలి. పుల్ల కొస నుంచి నూనె తెగకుండా బెత్తెడు తీగ దిగితే అసలు సరుకు. మధ్యలో తెగి చుక్కలు రాలితే అందులో ఏదో కలిసినట్టే. ఆ పరీక్ష ఆయనకు తండ్రి నేర్పాడు, తండ్రికి తాత నేర్పాడు. ఆ చుట్టుపట్ల ఆముదం బేరం చేసే ప్రతి ఇంట్లోనూ అదే వేదం. కోర్టులో ప్రమాణాన్నైనా నమ్మరేమో గానీ తీగ తెగిందంటే ఇక అప్పీలు లేదు.

ఆయనకు ఒక్కడే కొడుకు, ప్రభాకర్. సైన్సు చదివి డిగ్రీ తెచ్చుకున్నాడు. అరవై తొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతబడి అందరితో పాటు వాడి చదువు కూడా ఒక ఏడాది వెనక్కి పడింది. కానీ వీరేశం లెక్కలో లోకంలోని అసలు పాఠాలన్నీ ఆ ఏడాదికే పెట్టి ఉంచారు. మిల్లులో బెల్టు తెగి, కొడుకు దానికి మందు చెప్పలేకపోతే చాలు, "గది గా బందైన ఏడాది పాఠం కావచ్చు" అని నలుగురికీ వినబడేట్టు అనేవాడు. ప్రభాకర్ నవ్వి ఊరుకునేవాడు. నవ్వడం ఒకటి వాడికి తండ్రి నుంచి బాగానే వచ్చింది.

ఉద్యమం జరిగిన నాలుగో ఏట వాడికి మానుకోట సంబంధం వచ్చింది. మహబూబాబాద్ అని రైలు స్టేషన్ మీద రాసి ఉంటుంది కానీ అక్కడివాళ్లకు అది ఎప్పుడూ మానుకోటే. సోమేశ్వర్ అక్కడ హోల్‌సేల్ కిరాణా వర్తకుడు. దంతాలపల్లి నుంచి, ఆ చుట్టు ఊళ్ల నుంచి బండ్లు ఆయన దుకాణం ముందే ఆగేవి. ఆయన కూతురు సుగుణ. చూపులనాడు ప్రభాకర్‌తో ఆ పిల్ల మాట్లాడింది ఒకే ఒక్క మాట. "కుర్చి కాలు విరిగింది, ఎనుకకు ఆనుకోకుండ్రి" అంది. అది హెచ్చరికా వేళాకోళమా తేల్చుకోలేక ప్రభాకర్ తిరుగు రైల్లో అంతా అదే ఆలోచించాడు. జనగామ వచ్చేసరికి ఆ పిల్ల లేకుండా తాను బతకడం కష్టమన్న సంగతి మాత్రం తేలిపోయింది.

మాటలు కుదిరాయి. సోమేశ్వర్ సంతోషంగా, "ఇగ మీ ఆముదం గూడ మా దుకాణంల అమ్ముతం బావా, సరుకు పంపుండ్రి" అన్నాడు. వియ్యంకుడి నోటి నుంచి మొదటి ఆర్డరు. వీరేశం పొంగిపోయాడు. వైశాఖంలో నూనె ఆడించి, తొలి డబ్బాకు భార్య ఈశ్వరమ్మ చేత పసుపు కుంకుమ పెట్టించి, తక్కిన డబ్బాలతో పాటు రైలుకు ఎక్కించాడు.

రెండో రోజు సాయంత్రానికే డబ్బాలు తిరుగు రైల్లో దిగాయి. వెంట సోమేశ్వర్ గుమాస్తా కూడా దిగాడు. పాపం ఆ మనిషి చేతులు కట్టుకుని, చెప్పమన్న మాట చెప్పినట్టు అప్పజెప్పాడు. "బొట్టు పెట్టిన డబ్బా మా సేటు తానే తెరిచిండు. స్టేషన్ల, పట్టపగలు, పదిమంది ముంగట. తీగ బెత్తెడు గాదు, బెత్తెడుల సగం గూడ దిగలె. చుక్కలు చుక్కలు రాలింది. గా డబ్బా పెద్దమనుషులకు చూపెట్టెటందుకు దుకాణంల పెట్టుకున్నడు. నూనెల కల్తీ చేసెటోని ఇంటికి బిడ్డనెట్లిస్త అన్నడు."

వీరేశం గొంతు ఆ రోజు రైలు గేటు దాటి వినిపించింది. మర్నాడు తెల్లవారకముందే మిల్లు వెనక రాతి గదిలో, నీళ్ల కుండల పక్కన ఉన్న డబ్బాను తెరిచి వేపపుల్ల ముంచాడు. తీగ బెత్తెడుకు పైనే దిగింది. ఆరుసార్లు ముంచినా అంతే.

"చూడు! చూడుండ్రి! ఎవడురా కల్తీ అన్నది?"

"ఎండకు జర పల్చనైతది గదా బాపు" అన్నాడు ప్రభాకర్.

"జర అయితది. నాకు తెల్వదా? సోమేశ్వర్‌కు తెల్వదా? గని జర అయితది, సగానికి సగం తెగుతదా?"

అసలు చిక్కు అక్కడే ఉంది. ఎండకు నూనె పలచబడుతుందని ఇద్దరికీ తెలుసు. ఎంత పలచబడుతుందో ఇద్దరికీ తెలియదు. ఆ 'ఎంత' అన్న చిన్న మాట మీద ఒక పెళ్లి వేలాడుతోంది. ప్రభాకర్‌కు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆముదం ఎంత చిక్కన ఉండాలో ఎక్కడో ఏదో పుస్తకంలో అంకె రాసి ఉంటుంది, ఆ అంకె తెస్తే సోమేశ్వర్ నోరు మూతపడుతుంది, సుగుణ తనదవుతుంది అని లెక్క వేసుకున్నాడు. వయసులో ఉన్నవాడి లెక్కలు ఎప్పుడూ ఇలాగే చకచకా తేలతాయి.

జనగామ కాలేజీలో మనోరమ అని ఫిజిక్సు చెప్పే ఆమె ఉంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు గానీ, ఆమె నిజంగానే పెద్ద చెట్టు. ప్రభాకర్ వెళ్లి సంగతి చెప్పగానే ఆమె బీరువా తెరిచి లావాటి పుస్తకం తీసింది. వేలు పెట్టి చూపించింది. నీళ్ల చిక్కదనాన్ని ఒకటి అనుకుంటే ఆముదం చిక్కదనం తొమ్మిది వందల ఎనభై ఆరు.

"కొలుచుడు గూడ కష్టం గాదు. పొడుగు గాజు జాడీల నూనె పోసి, సైకిల్ ఛర్రా ఒకటి, గా ఉక్కు గోలీ, ఇడువు. ఎంత చిక్కనుంటే అంత నిమ్మళంగ దిగుతది. ఎంతసేపు పట్టిందో చూసి లెక్క కట్టాలె" అని ఆ లెక్కా నేర్పింది. జాడీ ఇచ్చింది, స్టాప్‌వాచ్ ఇచ్చింది. "ఉండు ప్రభాకర్, కింద చిన్నక్షరాలల్ల ఏందో ఉన్నది, అద్దాలు తెచ్చుకోని..."

ప్రభాకర్ అప్పటికే వరండా దిగి పరుగులో ఉన్నాడు. మానుకోట పాసింజరు దొరకదని వాడి భయం.

మానుకోటలో సోమేశ్వర్ తన దుకాణం రేకుల షెడ్డులోనే పెద్దమనుషులను కూర్చోబెట్టాడు. మనిషి కోపిష్ఠే గానీ అన్యాయస్థుడు కాదు. "పుస్తకంల అంకె తెచ్చినవ్‌గద, కానీ, చూద్దాం" అన్నాడు. నడిమధ్యాహ్నం, పైన రేకులు పెనంలా కాలుతున్నాయి. ఇంటి లోపలి తలుపు సందులో పచ్చచీర అంచు ఒకటి కదిలింది. ప్రభాకర్‌కు ధైర్యం రెట్టింపయింది. ముందుగానే సుద్దముక్కతో గోడ మీద పెద్ద అక్షరాలతో 986 అని రాశాడు. ఇది లోకమంతా ఒప్పుకున్న అంకె అని, దీనికి దగ్గరగా వస్తే నూనె మంచిదని, రాకపోతే తానే కల్తీ ఒప్పుకుంటానని చెప్పాడు. తన తాడు తానే పేనుకోవడమంటే ఇదే.

బొట్టు డబ్బాలోంచి జాడీలో నూనె పోసి ఛర్రా వదిలాడు. అది నిమ్మళంగా దిగడం మాట అటుంచి, బావిలో రాయి వేసినట్టు అడుగుకు పోయి టింగుమంది. ప్రభాకర్ గుండె కూడా దాని వెంటే పోయింది. మళ్లీ వదిలాడు. మళ్లీ టింగుమంది. లెక్క కట్టాడు. నూట డెబ్బై.

సోమేశ్వర్ చదువు తక్కువైనా భాగహారం బాగా తెలిసినవాడు. "తొమ్మిదొందల ఎనభై ఆరు ఉండాల్నా? నూట డెబ్బై ఉన్నదా? అంటే అయిదు పాళ్లల్ల నాలుగు పాళ్లు కల్తీ అన్నట్టు! నేనింకా జరంతే కలిపిండ్రేమో అనుకున్న. మంచిపని చేసినవ్ బిడ్డా, నీ పుస్తకం నా కండ్లు తెరిచింది."

పెద్దమనుషులు తలలూపారు. పచ్చచీర అంచు తలుపు సందులోంచి మాయమయింది. ప్రభాకర్ జాడీలోని నూనెను ఒక సీసాలో ఒంపుకుని, జాడీ తుడుచుకుని, తల వంచుకుని స్టేషన్‌కు నడిచాడు. దారి పొడుగునా వాడికి ఏడుపు వచ్చింది. ఇరవై నాలుగేళ్ల మగవాడు ఏడవకూడదని ఎవరన్నారో గానీ ఆ అన్నవాడు సంబంధం చెడగొట్టుకుని ఉండడు.

మనోరమ మేడమ్ కళ్లజోడు పెట్టుకునే కూర్చుని ఉంది.

"ఉండుమన్న. ఉన్నవా? ఏం లేదు, నూనె లెక్కనే నువ్వు గూడ జారిపోయినవ్. గిప్పుడు చూడు గీ చిన్నక్షరాలు. ఇరవై డిగ్రీల దగ్గర తొమ్మిదొందల ఎనభై ఆరు. మానుకోటల ఇరవై డిగ్రీలు ఎప్పుడుంటది?"

"పుష్యమాసంల, కోడి కూసే యాళ్లకు."

"నువ్వు పోయింది రోకండ్లు పలిగే ఎండల, గా రేకుల కింద నలభైకి తక్కువుండది. ఏ వేడి దగ్గరనో చెప్పని అంకె అంకెనే కాదయ్యా, పుకారు."

నలభై డిగ్రీల దగ్గర ఎంత ఉండాలో ఆ పుస్తకంలో లేదు. కాలేజీలో ఉన్న ఇంకో పుస్తకంలో ఆముదమే లేదు. అప్పుడు మేడమ్‌కు ఒకటి గుర్తుకొచ్చింది. భూపాలపల్లి అడవుల్లో బొగ్గు కోసం బోర్లు వేస్తున్నారు, ఆ క్యాంపులో తనతో చదివిన ఇంజనీరు ఒకాయన ఉన్నాడు, మిషన్లలో పోసే ప్రతి నూనె లెక్కా వాళ్లకు కావాలి కాబట్టి మంచి పుస్తకాలు పెట్టుకుంటారు అని చెప్పింది. ప్రభాకర్ ఈసారి ఆమె మాట పూర్తయ్యే దాకా కదలలేదు. పూర్తయిందా అని అడిగి మరీ లేచాడు.

ప్రయాణానికి ఈశ్వరమ్మ సద్ది కట్టి, ఒక చిన్న సీసాలో తాను ఇంట్లో వేయించి, దంచి, వండిన ఆముదం పోసి ఇచ్చింది. "అడివిల ఎండ ఎక్కువుంటది. నెత్తికి పెట్టుకో బిడ్డా, సల్లగుంటది. మీ బాపు మిల్లు నూనె నెత్తికి ఆనదు" అంది. వీరేశం విననట్టు అటు తిరిగాడు.

హన్మకొండలో ఒక బస్సు, పరకాలలో ఒక బస్సు మారి, ఎర్రమట్టి నిండిన తలతో ప్రభాకర్ క్యాంపుకు చేరాడు. మొదట కనబడ్డది హన్మంతు. మొగుళ్లపల్లి దగ్గరి తండావాడు, బోరు మిషను దగ్గర పని. సంగతంతా విని తన భాషలో ఏదో అనుకుని పగలబడి నవ్వాడు. ఏమన్నావని అడిగితే, "మా తాన పిల్లనిచ్చెటందుకు పిలగాన్నే చూస్తరు సేటూ, నూనె చూడరు" అన్నాడు. ఆ నవ్వుకు ప్రభాకర్‌కు కూడా నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది.

ఇంజనీరుగారు కోస్తా మనిషి. ప్రభాకర్ రెండు ముక్కలు మాట్లాడగానే, "అబ్బ, మీ యాస అచ్చం సినిమాలో హాస్యగాడి మాటలా ఉందయ్యా" అన్నాడు. నాలుగేళ్ల కింద అయితే ఈ మాట మీద పెద్ద రగడే అయ్యేది. ప్రభాకర్‌కు చురుక్కుమంది కూడా. కానీ పని మీద వచ్చినవాడు.

"మా మాట గూడ మా నూనె లెక్కనే సార్. ఎక్కడి ఎండకు అక్కడ పారుతది. మీ దగ్గర ఉప్పుగాలికి ఒక తీరు, మా దగ్గర ఎండకు ఒక తీరు. రెండిట్ల కల్తీ ఏం లేదు."

ఇంజనీరుగారు గట్టిగా నవ్వి, కుర్చీ చూపించాడు. ఆ తర్వాత యాస మాట ఎత్తలేదు.

ఆయన పుస్తకంలో ఆముదానికి ఒక్క అంకె కాదు, ఒక వరసే ఉంది. ఇరవై డిగ్రీల దగ్గర తొమ్మిది వందల ఎనభై ఆరు. ముప్పై దగ్గర నాలుగు వందల యాభై ఒకటి. నలభై దగ్గర రెండు వందల ముప్పై ఒకటి. పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగం పోతోంది! ప్రభాకర్ ఆ వరసను చూపుడువేలితో మీదికీ కిందికీ నాలుగుసార్లు తడిమాడు. దేవుడి పటాన్ని కూడా వాడు అంత భక్తిగా తాకి ఉండడు.

"తొందరపడకు. పుస్తకంలో ఉందని నమ్మేస్తావా? అచ్చుతప్పులు ఉంటాయి. ఒకడు తప్పు రాస్తే దాన్ని చూసి ఇంకొకడు రాస్తాడు" అని ఇంజనీరుగారు ఇంకో అరలోంచి వేరే దేశంలో అచ్చయిన పుస్తకం తీశాడు. అందులోనూ అవే అంకెలు, చివర్లో రవ్వంత తేడాతో. "సరే, ఇద్దరు సాక్షులు దొరికారు. ఇక మూడో సాక్షి నువ్వే. కొలువు."

హన్మంతు బక్కెట్లో వేన్నీళ్లు తెచ్చాడు, కడవలో చన్నీళ్లు తెచ్చాడు. థర్మామీటరు చూస్తూ ఇంజనీరుగారు చెప్పినప్పుడల్లా అందులోవి ఇందులో, ఇందులోవి అందులో పోశాడు. వంటవాడు కూడా పొయ్యి వదిలి వచ్చి నిలబడ్డాడు. సన్నటి గాజు గొట్టంలో మానుకోట సీసాలోని నూనె పోసి, నలభై డిగ్రీల దగ్గర ఛర్రా వదిలారు. రెండు వందల ముప్పై ఒకటి రావాలి. నూట డెబ్బై వచ్చింది. ముప్పై దగ్గర నాలుగు వందల యాభై ఒకటికి బదులు మూడు వందల నలభై వచ్చింది.

ప్రభాకర్ మళ్లీ ఛర్రా వదిలి చూశాడు, మళ్లీ అదే అంకె.

"పుస్తకం తప్పయినా కావాలి, మన కొలత తప్పయినా కావాలి, నూనె తప్పయినా కావాలి" అన్నాడు ఇంజనీరుగారు. "నిఖార్సయిన ఆముదం ఇంకెక్కడైనా దొరుకుతుందా?"

ప్రభాకర్ సంచీలో చెయ్యి పెట్టాడు. అమ్మ ఇచ్చిన సీసా చేతికి తగిలింది. కానీ తీసి చూస్తే సగం ఖాళీ. ఇందాకనే హన్మంతు జర ఇయ్యమని అడిగి నెత్తికి రాసుకున్నాడు. వాడి జుట్టు నిగనిగ మెరుస్తూ ఆ సంగతి చాటుతోంది. మిగిలిన సగం గొట్టానికి సరిగ్గా సరిపోయింది. ముప్పై డిగ్రీల దగ్గర నాలుగు వందల నలభై తొమ్మిది. నలభై దగ్గర రెండు వందల ముప్పై.

"మా అమ్మ నూనె పుస్తకం తోటి సమానమున్నది సార్!" అని ప్రభాకర్ ఎగిరాడు. ఎగిరినవాడు కింద కాలు పెట్టేలోపే అర్థమైంది. అమ్మ నూనె సరిపోయిందంటే పుస్తకం నిజం, కొలతా నిజం. అంటే తప్పు బాపు నూనెలోనే ఉంది.

ఇంజనీరుగారు వాడి భుజం మీద చెయ్యి వేసి, అంకెలు రాసుకోవడానికి కాగితం ఇచ్చాడు.

ఇంటికొచ్చి చెప్పగానే వీరేశం ఇంటి కప్పు లేచిపోయేలా అరిచాడు. తన ఇంట్లో, తన ఉప్పు తిన్న కొడుకు, తన ముఖం మీదే కల్తీ అన్నాడు! ప్రభాకర్ మేడమ్ దగ్గర థర్మామీటరు కూడా అడిగి తెచ్చి, తిరిగొచ్చిన డబ్బాలు ఒక్కొక్కటే తెరిచి కొలిచాడు. అన్నీ పుస్తకంతో సరిపోయాయి. ఒక్క చుక్క తేడా లేదు. సోమేశ్వర్ దగ్గర ఆగిపోయిన ఆ బొట్టు డబ్బా ఒక్కటే తేడా.

అప్పుడు ఈశ్వరమ్మ చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగింది. "గా దినం ముందుగాల పల్లీలాడిచ్చినవ్ గదా? పల్లీల ఎనుక ఆముదాలు పోస్తె మిషన్ల మిగిలిన పల్లినూనె తొలి డబ్బాల కలుస్తది. అందుకే గదా తొలి డబ్బా ఎప్పుడు బండ్ల ఇరుసులకని పక్కకు వెడ్తం. గా దినం వియ్యపోళ్లకు తొలి బోణీ పోవాల్నని నువ్వే నాతోని బొట్టు పెట్టిచ్చినవ్."

వీరేశం నోరు తెరిచాడు. ఆ నోటి నుంచి జీవితంలో మొదటిసారి శబ్దం రాలేదు. అరుగు మీద కూలబడ్డాడు. ప్రేమతో పంపిన డబ్బాయే కొంప ముంచింది. కొడుకును దగ్గరికి పిలిచి, ఈసారి మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"ప్రభాకర్, ఎండ సంగతి చెప్పు. గది నిజమే గద. గీ డబ్బా సంగతి చెప్పకు. మొత్తం ఎండ మీదికి తొయ్యి. ఎండకు నోరుంటదా? కల్తీ అన్న మాట ఒక్కసారి ఒప్పుకుంటే మిల్లు మునుగుతది, సంబంధం గూడ పోతది."

ప్రభాకర్ తెరిచిన డబ్బాలకు మూతలు బిగించాడు. రాత్రంతా అటూ ఇటూ పొర్లాడు.

జ్యేష్ఠం నడుమ, తొలకరి ఇంకా పడకముందు, తండ్రీకొడుకులు మంచి డబ్బా ఒకటి తీసుకుని మానుకోట వెళ్లారు. అదే రేకుల షెడ్డు, అదే పెద్దమనుషులు. సోమేశ్వర్ ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. గోడ మీద 986 ఇంకా చెరిగిపోలేదు, పోయే వచ్చే వాళ్లకు చూపించడానికి ఆయనే ఉంచాడు. ప్రభాకర్ ఆ అంకె పక్కన 'ఇరవై డిగ్రీలకు' అని రాసి, దాని కింద మిగిలిన రెండు అంకెలు, వాటి వేడితో సహా రాశాడు. వేడి నీళ్ల బక్కెట్, కడవ నీళ్లు తెప్పించాడు. తాను ముట్టుకోనని, అన్నీ సోమేశ్వర్ చేతనే చేయించాడు.

నలభై డిగ్రీల దగ్గర ఛర్రా వదిలితే గోడ మీద రాసిన అంకే వచ్చింది. అదే నూనెను కడవ నీళ్లలో పెట్టి, ముప్పైకి దిగాక వదిలితే రెండో అంకే వచ్చింది. ఛర్రా ఈసారి పెళ్లికూతురిలా తలవంచుకుని మెల్లగా దిగింది. సోమేశ్వర్‌కు ఇంకా నమ్మకం చాలక వేపపుల్ల ముంచాడు. వేడి నూనె తెగింది. చల్లబడ్డ అదే నూనె బెత్తెడు సాగింది. మళ్లీ వేడి చేయించాడు, మళ్లీ తెగింది. మూడోసారికి ఆయన పుల్ల కింద పడేసి నవ్వడం మొదలుపెట్టాడు.

"అరె, మా నాయిన నాకు పుల్ల నేర్పింది సంకురాత్రి చలిల! నేనేమో గీ అగ్గిల ముంచుతున్న. ఎంత అన్యాయమాడిన బావా నిన్ను! తప్పు నాదే. లోపల ఎవరున్నరు, తమలపాకులు తేండ్రి!"

పెద్దమనుషులు లేచి వీరేశం చేతులు పట్టుకున్నారు. వీరేశం కళ్లలో నీళ్లు. పచ్చచీర కాదు, ఈసారి నీలంచీర, తలుపు సందులో కాదు, గడపలోనే నిలబడింది. బొట్టు డబ్బా మూలన ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. ఇక ఎవరూ అడగరు కూడా.

వద్దని ప్రభాకర్ మనసు ఎంత మొత్తుకుందో వాడికే తెలుసు. అయినా లేచి నిలబడ్డాడు.

"మామా, ఒక్కమాట. ఇంకా అయిపోలేదు. మీరు గా దినం చూసిన డబ్బా నూట డెబ్బై వచ్చింది. గీ ఎండకు రెండొందల ముప్పై ఒకటి రావాలె. తొమ్మిదొందల ఎనభై ఆరు నుంచి రెండొందల ముప్పై ఒకటి దాకా ఎండ తిన్నది. అక్కడి నుంచి నూట డెబ్బై దాకా మాది. పల్లీలాడినంక తీసిన తొలి డబ్బా అది. పల్లినూనె కలిసింది. తెల్వక పంపినం, గని కలిసింది నిజం. కొంచెం తప్పు మీది, కొంచెం మాది."

తమలపాకుల పళ్లెం పట్టుకొచ్చిన పనిమనిషి నడుమలో ఆగిపోయింది. వీరేశం తల గుండెల్లోకి దిగిపోయింది. ఆ తర్వాత ఆయనే లేచి చేతులు జోడించాడు.

"వియ్యపోళ్లకు తొలి బోణీ అని, శకునమని పంపిన బావా. ఇరుసులకు పొయ్యాల్సిన డబ్బా మీకు పంపిన. నా బుద్ధి గడ్డి తిన్నది."

సోమేశ్వర్ మూలనున్న డబ్బా వంక చూశాడు. కుంకుమ ఎండి రాలిపోయింది, పసుపు మాత్రం మిగిలింది.

"గన్ని డబ్బాలుండంగ నేను గదే ఎందుకు తెరిచిన?" అన్నాడు చివరికి. "గా బొట్టు చూసే. శుభమని ముందుగాల గదే తెరిచిన." మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు, ఈసారి కడుపు పట్టుకుని. వీరేశం కూడా తల ఎత్తి నవ్వాడు. ఇద్దరు సేట్లు ఒక డబ్బాకు దండం పెట్టి కొట్టుకున్న సంగతి తలుచుకుంటే ఎవరికైనా నవ్వే వస్తుంది.

నవ్వు ఆగాక సోమేశ్వర్ పెద్దమనుషుల వైపు తిరిగాడు. "నూనె సంగతి ఇడిసిపెట్టుండ్రి. కన్నతండ్రి పక్కన్నే కూసొని ఉండంగ, సంబంధం పోతదని తెలిసి గూడ, ఎవ్వరు అడగని తప్పు తానే చెప్పిండు. గిసొంటోనికి గాకుంటే నా బిడ్డను ఇంకెవనికియ్యాలె?" పనిమనిషి చేతిలోంచి పళ్లెం తానే అందుకుని వీరేశం చేతిలో పెట్టాడు.

భోజనాలయ్యాక ప్రభాకర్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు. సుగుణ చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అడిగింది.

"గా డబ్బా సంగతి చెప్పకుంటే ఏమైతుండె?"

"ఏం కాకపోతుండె. లగ్గం అయితుండె."

"మరెందుకు చెప్పిండ్రు?"

ప్రభాకర్ తడిచేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక నిలబడ్డాడు. "ఎప్పటికన్న నీకు చెప్పాల్సొస్తుండె గదా. గది ఇంకా కష్టం" అన్నాడు.

సుగుణ కొంగు కొస అందించింది.